స్పోర్ట్స్ కారుకు కొత్త టైర్లు: నల్గొండ, పాలమూరు వైపు వాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

స్పోర్ట్స్ కారు అంటే పోర్షే, మస్టాంగ్ మాత్రమే అనుకోకండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆక్టేవియా ఆర్ఎస్, పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, బీఎండబ్ల్యూ 3 సిరీస్, ఏదైనా సరే, నడపడం మీద ఇష్టంతో తీసుకున్న బండి అయితే ఈ ప్రశ్నలన్నీ మీకూ వస్తాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన రోడ్లకు టైరు ఎంచుకునేటప్పుడు సైడ్ వాల్ (టైరు పక్క గోడ) ఎంత ఎత్తుంది, తడిలో ఎంత పట్టు ఉంది, ఎప్పుడు తయారైంది, రేపు ఒక్కటి పోతే మళ్ళీ అదే దొరుకుతుందా అన్నవి ముందు చూడాలి. వెడల్పు, అందం ఆ తర్వాత.

టైర్లు మార్చే టైం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడుల మధ్యలో అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి, ట్రెడ్ (రోడ్డుకు తగిలే రబ్బరు) అరిగి ఆ గట్టుతో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే. కానీ వెడల్పు టైర్లున్న వేగమైన బండికి అంతదాకా ఆగొద్దని నేనంటాను. 3 మిల్లీమీటర్లకు వచ్చాక వానలో నీళ్ళను పక్కకు నెట్టే శక్తి బాగా పడిపోతుంది, బండి నీళ్ళ మీద తేలినట్టు జారుతుంది. జూన్‌లో వానలు మొదలయ్యే ముందే మార్చేసుకుంటే టెన్షన్ ఉండదు.

ఇంకొకటి. నిలబడి చూస్తే టైరు బాగానే కనిపిస్తుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, కింద కూర్చుని, ఫోన్ టార్చ్ వేసి లోపలి అంచు చూడండి. బండి కిందికి దించిన వాళ్ళకు, అలైన్‌మెంట్ తప్పిన వాళ్ళకు లోపలి రెండు వేళ్ళ మేర మాత్రమే నున్నగా అరిగిపోయి, ఒక్కోసారి లోపలి తీగలు కూడా తేలి ఉంటాయి, బయటి వైపు మాత్రం కొత్త దానిలా మెరుస్తూ ఉంటుంది. వెనక టైర్లకు స్టీరింగ్ తిప్పే వీలు లేదు కాబట్టి జాకీ వేసో, షాపులో లిఫ్ట్ ఎక్కించో చూడాల్సిందే.

కారు ఎక్కువ తిరగలేదు, గాడులు నిండుగా ఉన్నాయి, కానీ టైర్లు పాతవి. మార్చాలా?

స్పోర్ట్స్ కార్లకు వచ్చే అసలు జబ్బు ఇదే. ఆదివారం తీసి నార్కట్‌పల్లి దాకా వెళ్ళి టీ తాగి వస్తారు, మిగతా వారమంతా బండి ఎండలోనో రేకుల షెడ్డులోనో ఉంటుంది. ట్రెడ్ అరగదు, రబ్బరు మాత్రం గట్టిపడుతుంది. మేలో 44, 45 డిగ్రీలు చూసే నల్గొండలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. ఈ అంకెలు ఒక వైపే ఉంటాయి, బయట కనిపించకపోతే లోపలి వైపు చూడండి. ఐదేళ్ళు దాటాక ఏటా ఒకసారి తెలిసిన వాళ్ళకు చూపించండి. గాడి ఎంతున్నా పదేళ్ళకు మించి వాడొద్దని కంపెనీలే చెబుతాయి, వేగంగా నడిపే బండికి నేనైతే ఆరేళ్ళకే తీసేయమంటాను. సైడ్ వాల్ మీద, గాడుల అడుగున సన్నటి పగుళ్ళు కనిపిస్తే ఏళ్ళు లెక్కపెట్టడం కూడా అనవసరం. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు బేరం మొదలుపెట్టే ముందే ఈ అంకెలు చూసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

225/45 ఆర్17 91 డబ్ల్యూ అంటే ఏంటి?

225 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 45 అంటే సైడ్ వాల్ ఎత్తు ఆ వెడల్పులో 45 శాతం, అంటే సుమారు 101 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, 17 రిమ్ సైజు అంగుళాల్లో. 91 బరువు సూచిక, ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదు. డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది; హెచ్ అయితే 210, వి అయితే 240, వై అయితే 300. ఎక్స్ఎల్ అని కూడా ఉంటే అది ఇంకాస్త ఎక్కువ బరువు మోసే గట్టి టైరు.

మన రోడ్ల మీద అంత స్పీడ్ ఎక్కడ పోతాం? తక్కువ రేటింగ్ వేసుకుంటే డబ్బు మిగలదా?

మిగులుతుంది, అయినా వద్దు. నాలుగు లేన్ల హైవే మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100, హైదరాబాద్ ఔటర్ మీద 120, అది నిజమే. కానీ ఆ అక్షరం టాప్ స్పీడ్ ఒక్కటే చెప్పదు, టైరు వేడిని ఎంత తట్టుకుంటుందో కూడా చెబుతుంది. మే నెల మధ్యాహ్నం కాలిపోయే తారు మీద, నలుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టుకుని జడ్చర్ల నుంచి ఆలంపూర్ చౌరస్తా దాకా ఆగకుండా వెళ్ళినప్పుడు పనికొచ్చేది ఆ వెసులుబాటే. పైగా ఎక్కువ రేటింగ్ టైరు నిర్మాణమే గట్టిగా ఉంటుంది, స్టీరింగ్ తిప్పగానే బండి మాట వింటుంది. కంపెనీ చెప్పిన బరువు సూచిక, స్పీడ్ అక్షరం రెండూ సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి, తక్కువ మాత్రం వద్దు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ ఈ అక్షరాలు చూసే అవకాశం కూడా ఉంది.

17 తీసేసి 18 రిమ్ వేయాలనుంది. పర్వాలేదా?

అందరూ అడిగేది ఇదే, అందరికీ నచ్చని జవాబూ ఇదే: వద్దు. లెక్క చూద్దాం. 225/45 ఆర్17 చక్రం మొత్తం ఎత్తు సుమారు 634 మిల్లీమీటర్లు. 225/40 ఆర్18 అయితే సుమారు 637. స్పీడోమీటర్ తప్పు చూపించదు, ఎక్కడా తగలదు, అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. కానీ సైడ్ వాల్ 101 నుంచి 90కి పడిపోయింది. ఆ పోయిన 11 మిల్లీమీటర్లే గుంతకూ మీ రిమ్ముకూ మధ్య అడ్డం ఉన్న గాలి, రబ్బరు.

మన జిల్లాల్లో రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. హైవే మీద అద్దంలా ఉండి, ఊళ్ళోకి తిరగగానే కేజ్ వీల్స్ (పొలంలో వాడే ఇనుప చక్రాలు)తో ట్రాక్టర్ నడిచిన గీతలు, పెయింట్ లేని స్పీడ్ బ్రేకర్లు, టిప్పర్ నుంచి రాలిన కంకర. వరి కోతలప్పుడు ఇంకో చిక్కు. మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ వైపు రోడ్డుకు సగం మేర వడ్లు ఆరబోస్తారు. కల్లాలు సరిపోకపోతే రైతు ఎక్కడ ఆరబోసుకుంటాడు, వాళ్ళను తిట్టడానికేం లేదు. కానీ బండ్లు ఎక్కకుండా కుప్ప చుట్టూ వరుసగా రాళ్ళు పెడతారు, సాయంత్రం వడ్లు ఎత్తుకుపోయాక ఆ రాళ్ళలో రెండు మూడు అక్కడే ఉండిపోతాయి. చీకట్లో 40 ప్రొఫైల్ (సైడ్ వాల్ 40 శాతమే ఉన్న) టైరు దాని మీదికి ఎక్కిందంటే సైడ్ వాల్ చీలడం, రిమ్ అంచు వంగడం రెండూ ఒక్క దెబ్బకే అయిపోతాయి. వడ్ల గింజల మీద బ్రేక్ కొడితే ఏ టైరుకైనా పట్టు దొరకదు, అది వేరే సంగతి.

నిజంగా మార్చాలనే ఉంటే కిందికి దిగండి. 205/55 ఆర్16 ఎత్తు సుమారు 632, అంటే 17 చక్రానికి దాదాపు సమానం, సైడ్ వాల్ మాత్రం 113 మిల్లీమీటర్లు. టైరు ధర కూడా తక్కువ. ఒకే షరతు, ముందు బ్రేక్ కాలిపర్ (డిస్కును పట్టి నొక్కే భాగం) 16 రిమ్ములో పట్టాలి. పెద్ద బ్రేకులున్న బండికి పట్టదు, కొనే ముందు ఒక రిమ్ తెచ్చి బిగించి చేత్తో తిప్పి చూడండి. ఏ సైజుకు మారినా చక్రం మొత్తం ఎత్తు రెండు శాతం కంటే ఎక్కువ తేడా రాకుండా చూసుకోండి, లేకపోతే చక్రం జారకుండా చూసే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ లెక్కలు తప్పుతాయి.

వెడల్పు టైరు వేస్తే పట్టు పెరుగుతుంది కదా?

పొడి రోడ్డు మీద, అదే రకం రబ్బరు అయితే, కొంచెం. వానలో మాత్రం వెడల్పు టైరు ఎక్కువ నీళ్ళను నెట్టాలి, అందుకే ముందు అదే తేలుతుంది. మైలేజీ తగ్గుతుంది, స్టీరింగ్ రోడ్డు గీతల వెంట లాగుతుంది. ఒక సైజు పెంచడానికి పెట్టే డబ్బుతో అదే సైజులో ఇంకా మంచి రకం టైరు వస్తుంది, బండిలో తేడా దానివల్లే ఎక్కువ తెలుస్తుంది.

ఏ కంపెనీ టైరు కొనాలి?

ముందు మీరు ఎలా నడుపుతారో తేల్చుకోండి. రోజూ ఆఫీసుకూ అదే బండి, నెలకోసారి హైవే అయితే మిషెలిన్ ప్రైమసీ లాంటి మెత్తటి, చప్పుడు లేని రకం చాలు, స్పోర్ట్స్ కారు అయినంత మాత్రాన స్పోర్ట్స్ టైరే వేయాలని రూలేం లేదు. శ్రీశైలం ఘాట్ మలుపుల కోసమే బండి కొన్నవాళ్ళయితే మిషెలిన్ పైలట్ స్పోర్ట్, కాంటినెంటల్ మ్యాక్స్‌కాంటాక్ట్, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా, యోకోహామా అడ్వాన్, గుడ్‌ఇయర్ ఈగల్ ఎఫ్1, పిరెల్లి పీ జీరో, ఈ కుటుంబాల్లో వెతకాలి. అపోలో 2009లో కొనుక్కున్న వ్రెడెస్టైన్ బ్రాండ్‌లో అల్ట్రాక్ రకం కూడా చూడదగ్గది. ఎంఆర్ఎఫ్‌కు మన సదాశివపేటలోనే ఫ్యాక్టరీ ఉంది కదా అని కొందరు దానివైపే మొగ్గుతారు. వేగమైన చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు పెట్టుకోవచ్చు, 19 అంగుళాల వెనక టైరు కావాలంటే మాత్రం పెద్దగా ఎంపిక ఉండదు.

నా ఓటు ఎప్పుడూ తడిలో బాగా ఆగే టైరుకే. ఎందుకంటే మన దగ్గర ఎనిమిది నెలలు పడిన దుమ్ము, కారిన నూనె రోడ్డు మీదే ఉండిపోయి, మొదటి వాన పడిన అరగంట రోడ్డు సబ్బు రాసినట్టుంటుంది. ఆ అరగంటలో పనికిరాని టైరు ఎంత స్పోర్టీగా ఉంటే ఏం లాభం?

పోర్షే వాళ్ళకు ఒక మాట: సైడ్ వాల్ మీద ఎన్0, ఎన్1 లాంటి గుర్తు ఉంటే అది ఆ బండి కోసం కంపెనీ ఒప్పుకున్న టైరు. బీఎండబ్ల్యూకు నక్షత్రం గుర్తు, మెర్సిడెస్‌కు ఎంఓ, ఆడికి ఏఓ. దొరికితే అవే వేయండి, దొరకకపోతే నాలుగూ ఒకే రకం వేయండి, రెండు గుర్తులున్నవీ రెండు లేనివీ కలపొద్దు.

ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె) 200 అని ఉన్న టైర్లు బాగా అతుక్కుంటాయంటారు, నిజమేనా?

అతుక్కుంటాయి, తొందరగా అరిగిపోతాయి కూడా. ఆ అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తగా ఉంటుందని స్థూలంగా అనుకోవచ్చు, కానీ పరీక్ష చేసి అంకె వేసుకునేది కంపెనీయే కాబట్టి ఒక కంపెనీ 300నూ ఇంకో కంపెనీ 300నూ పోల్చడం దండగ. సెమీ స్లిక్ రకాలు ట్రాక్ మీద వాడేవాళ్ళకు. వాటికి గాడులు తక్కువ, వానలో ప్రమాదం, ఎర్రమట్టి రోడ్డు మీద రాళ్ళన్నీ ఏరుకుని ఫెండర్‌కు కొడతాయి.

రన్ ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు) తీసేసి మామూలు టైర్లు వేయొచ్చా?

వేయొచ్చు, చాలామంది వేస్తున్నారు, బండి ఒక్కసారిగా మెత్తబడుతుంది. రన్ ఫ్లాట్ సైడ్ వాల్ బిరుసుగా ఉంటుంది కాబట్టి ప్రతి గతుకూ నడుముకే తెలుస్తుంది. దాని లాభం ఒకటే, గాలి పోయినా మామూలుగా గంటకు 80 మించకుండా సుమారు 80 కిలోమీటర్లు వెళ్ళొచ్చు. తీసేసే ముందు ఇది ఆలోచించండి: అలాంటి బండ్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమలలో పంక్చర్ అయితే దుకాణం లేదు, చాలాచోట్ల సిగ్నల్ లేదు, పులుల అడవి కాబట్టి రాత్రి తొమ్మిది తర్వాత ఆ రోడ్డు మీదికి బండ్లను వదలరు కూడా. మామూలు టైర్లకు మారితే డిక్కీలో గాలి పంపు, పంక్చర్ కిట్, వీలైతే సన్న స్టెప్నీ పెట్టుకోవాల్సిందే. రెండు రన్ ఫ్లాట్, రెండు మామూలువి కలిపి వేయడం మాత్రం వద్దు.

రన్ ఫ్లాట్ ఉంచుకునేవాళ్ళకు ఇంకో సంగతి. గాలి పోయినా టైరు కూలబడదు కాబట్టి చూస్తే తెలియదు, ప్రెషర్ చూపించే సెన్సర్లు పని చేస్తున్నాయో లేదో చూసుకోండి.

డబ్బు రెండింటికే ఉంది. కొత్తవి ముందు వేయాలా, వెనకా?

వెనక. ఇంజిన్ ముందు చక్రాలను తిప్పినా సరే, వెనకే. తడిలో ముందు టైర్లు జారితే బండి మలుపు తిరగకుండా తిన్నగా పోతుంది, మీరు యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు సర్దుకుంటుంది. వెనక జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, దాన్ని పట్టుకోవడం రోజూ నడిపేవాళ్ళ వల్ల కాదు. షాపుల్లో కొత్తవి ముందే వేసేస్తారు, అడిగి మార్పించుకోండి.

ముందూ వెనకా వేరే సైజులుంటే ఈ ప్రశ్నే లేదు. పోర్షే 718 కేమన్‌కు 18 అంగుళాల రిమ్ములతో ముందు 235/45, వెనక 265/45 వస్తాయి, ముందువి వెనక్కి పోవు. నాలుగు చక్రాలూ తిరిగే ఆల్ వీల్ డ్రైవ్ బండికి గాడి లోతులో రెండు మూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే గేర్ సిస్టమ్ మీద భారం పడుతుంది, వాటికి నాలుగూ ఒకేసారి మార్చడమే మేలు.

ఎండాకాలం గాలి తగ్గించాలంటారు కదా?

ఇది ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ బంకు దగ్గర కుర్రాడి నుంచి మేనమామ దాకా అందరూ ఇదే చెబుతారు. తప్పు. గాలి తక్కువున్న టైరే ఎక్కువ వంగుతుంది, వంగే కొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడికే పేలుతుంది. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకె చల్లటి టైరుకు చెప్పింది, అంటే బండి కనీసం మూడు గంటలు నిలబడి ఉండాలి. పొద్దున్నే ఇంటి దగ్గరే చిన్న గేజ్‌తో చూసుకోవడం ఉత్తమం. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (గేజ్ మీద ఒక అంకె) పెరుగుతుంది, కాబట్టి పొద్దున 28 డిగ్రీల్లో 33 పెట్టిన టైరు మధ్యాహ్నం 44 డిగ్రీల్లో నిలబడే 36 చూపిస్తుంది, నడిస్తే ఇంకా పైకి పోతుంది. అది లెక్కలో ఉన్నదే, గాలి తీయొద్దు.

నైట్రోజన్ గురించి: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా కొడితే కొట్టించుకోండి, దానికోసం వెతుక్కుంటూ తిరగక్కర్లేదు.

సైడ్ వాల్ మీద ఉబ్బు వచ్చింది. వారంటీ వస్తుందా?

గుంతలో పడి లోపలి దారాలు తెగితే అక్కడ గాలి రబ్బరును బయటికి తోసి ఉబ్బు వస్తుంది. చేత్తో తడిమితే నిమ్మకాయ సగమంత తగులుతుంది. దానికి రిపేరు లేదు, ఎప్పుడు పేలుతుందో చెప్పలేం, టైరు తీసేయాలి. వారంటీ తయారీ లోపానికే, దెబ్బ తగిలిందంటే కంపెనీ ఒప్పుకోదు. మామూలు ఇన్సూరెన్స్‌లో బండికి కూడా దెబ్బ తగిలితేనే టైరుకు డబ్బిస్తారు, అదీ సగం తరుగుదల తీసేసి. 18, 19 అంగుళాల టైర్లున్నవాళ్ళు పాలసీ రెన్యూవల్ అప్పుడు టైర్ ప్రొటెక్ట్ కవర్ ఎంతవుతుందో అడగండి, మన రోడ్లకు అది దండగ ఖర్చు కాదు.

తుమ్మ ముల్లు దిగింది. పంక్చర్ వేయించొచ్చా?

ట్రెడ్ మధ్యలో అయితే వేయించొచ్చు, భుజం (ట్రెడ్ అంచు) మీద, సైడ్ వాల్ మీద అయితే వద్దు. రోడ్డు పక్కన బయటి నుంచి గుచ్చే స్ట్రిప్ ఇల్లు చేరడానికి పనికొస్తుంది. తర్వాత టైరు విప్పించి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారపు అతుకు) వేయించండి. విప్పేటప్పుడు మెషీన్ లేకుండా గడ్డపారతో తీస్తానంటే అల్లాయ్ చక్రం ఇవ్వకండి.

నల్గొండలో కొనాలా, హైదరాబాద్ పోవాలా, ఆన్‌లైనా?

16 అంగుళాల దాకా ఊళ్ళోనే దొరుకుతాయి, లేకపోతే రెండు మూడు రోజుల్లో తెప్పిస్తారు. 18, 19 అయితే నల్గొండ వాళ్ళు ఎల్బీనగర్ వైపు, పాలమూరు వాళ్ళు శంషాబాద్, ఆరాంఘర్ వైపు వెళ్ళడం మంచిది. అక్కడ టైరు ఉండటం ఒక్కటే కాదు, సన్న సైడ్ వాల్‌ను రిమ్ గీతలు పడకుండా ఎక్కించే మెషీన్ ఉండటం ముఖ్యం. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని పరిమితుల కింద పెట్టింది, అప్పటి నుంచి పెద్ద సైజులు కొన్ని ఒక నెల ఉంటే ఇంకో నెల ఉండవు. అందుకే డీలర్‌ను సూటిగా అడగండి: ఇందులో ఒక్క టైరు వచ్చే నెల కావాలంటే ఇస్తావా? నీళ్ళు నమిలితే ఇంకో రకం చూసుకోండి. ఐఎస్ఐ గుర్తు లేని టైరు, ఎంత చౌకగా ఇచ్చినా, ముట్టుకోవద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త కారు టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత ధరల పట్టిక చూపించి బేరమాడేవాళ్ళతో ఆ మాట అనండి.

షాపు నుంచి బయటికి వచ్చే ముందు ఏం చూసుకోవాలి?

నాలుగు టైర్ల డాట్ అంకెలూ టైర్లు ఎక్కించక ముందే చూడండి, ఎక్కించాక వాదించి లాభం లేదు. అవుట్‌సైడ్ అని రాసి ఉన్న వైపు బయటికి రావాలి, బాణం గుర్తున్న టైరు ముందుకు తిరిగే దిశలో ఉండాలి. హడావిడిలో ఈ రెండూ తప్పడం మామూలే. వాల్వులు కొత్తవి వేయించండి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ చేయించి, అలైన్‌మెంట్ రిపోర్టు ప్రింట్ తీసుకోండి. టైరు రిమ్ములో కూర్చోవడానికి గాలి ఎక్కువ కొడతారు, దాన్ని స్టిక్కర్ అంకెకు దించారో లేదో గేజ్‌తో చూడండి. బోల్టులు గన్‌తో బాదకుండా టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే స్పానర్)తో బిగించమనండి, వందలోపు కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్ళీ చూపించండి. బిల్లు మీద టైర్ల సీరియల్ నంబర్లు రాయించుకోండి, వారంటీకి అదే కావాలి. కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన నునుపు పొర ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మదిగా నడపండి. హైవే ఎక్కాక 90, 100 మధ్య స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ సరిగ్గా రాలేదన్నమాట, ఇంకోరోజు చూద్దాంలే అనుకోకుండా అదే రోజు వెనక్కి తిప్పుకెళ్ళి మళ్ళీ చేయించండి.